ఎల్లిస్ నుంచి నికోడెమస్ దాకా

హేస్ పట్టణంలో ఆ రాత్రికి గది దొరకడమే గగనమైంది. జూన్ మూడో వారమంటే పశ్చిమ కాన్సాస్‌లో గోధుమ కోతల సమయమని, దక్షిణాన టెక్సాస్ నుంచి పొలం వెంట పొలం కోసుకుంటూ ఉత్తరానికి కదిలే కోత మిషన్ల బృందాలు ఆ దారిలోని మోటళ్లన్నీ ముందుగానే పట్టేసుకుంటాయని నాకు తెలియదు. తీరా దొరికిన గదికి ఫోన్లో ఒక ధర చెప్పి, కౌంటర్ దగ్గరికి వెళ్లేసరికి నలభై డాలర్లు పెంచారు. అడిగితే, ఇవాళ్టికి ఇదే ధర అన్నారు తప్ప కారణం చెప్పలేదు. నలుగురం ఒకే గదిలో సర్దుకున్నా, కాన్సాస్ టర్న్‌పైక్ టోలు, పెట్రోలు, ఈ గది అద్దె కలిపి లెక్క వేస్తే ఆ ఒక్క రోజు ఖర్చు మా ఊళ్లో ఒక ఎకరం వరి నాటు కూలీని దాటిపోయింది. మా అబ్బాయి నా ముఖం చూసి, "నాన్నా, రేపు చూడబోయే ఊళ్లో పాతిక మంది కూడా లేరు. ఇంత దూరం రావాలా?" అని అడిగాడు. రావాలనే అన్నాను. ఆ ఊరు నికోడెమస్, బానిసత్వం నుంచి బయటపడ్డ నల్లవాళ్లు 1877లో వేసుకున్న ఊరు.

కిందటి చలికాలం ఓవర్‌లాండ్ పార్క్‌లో మా అబ్బాయి ఇంటికి దగ్గరలో ఉన్న గ్రంథాలయంలో కాన్సాస్ చరిత్ర పుస్తకం ఒకటి తిరగేస్తుండగా నాకు విలియానా హిక్‌మన్ అనే ఆవిడ మాటలు కనిపించాయి. ఆవిడ 1878 వసంతంలో కెంటకీ రాష్ట్రం నుంచి భర్త డేనియల్ హిక్‌మన్‌తోనూ, ఆయన నడిపించుకొచ్చిన చర్చి జనంతోనూ కలిసి ఇక్కడికి వచ్చింది. రోజుల తరబడి ప్రయాణం చేసి అలసిపోయిన జనం, దూరాన ఊరు కనిపించిందని ముందున్న మగవాళ్లు కేకలు వేస్తుంటే, ఆశగా తలెత్తి చూశారు. ఆవిడకు ఏమీ కనిపించలేదు. నికోడెమస్ ఎక్కడని భర్తను అడిగితే, నేలలోంచి అక్కడక్కడ లేస్తున్న పొగలను చూపించి అదే నికోడెమస్ అన్నాడట. జనం నేలను తొలిచి చేసుకున్న గుంత ఇళ్లలో ఉంటున్నారు. ఆవిడ ఏడవడం మొదలుపెట్టింది.

ఈ నాలుగు వాక్యాలు చదివాక నేను పుస్తకం మూసి చాలాసేపు కూర్చున్నాను. మా కుటుంబంలో సరిగ్గా ఇదే ప్రశ్న అడిగిన మనిషి మా మామ్మ. తుంగభద్ర ఎడమ కాలువ కింద భూములు చవకగా వస్తున్నాయని విని, 1956 వేసవిలో మా తాతయ్య పశ్చిమ గోదావరిలో ఉన్న రెండెకరాలూ అమ్మి రాయచూరు జిల్లాలో పది ఎకరాల నల్లరేగడి కొన్నాడు. నిడదవోలులో రైలెక్కి, బెజవాడ, గుంతకల్లు మీదుగా హొస్పేటలో దిగి, గంగావతి వరకు లారీలోనూ, అక్కడి నుంచి ఎడ్లబండి మీదా వెళ్లారు. తాతయ్య ఒకచోట బండి ఆపి దిగమంటే, మామ్మ చుట్టూ చూసి, "ఊరేదండీ?" అని అడిగిందట. తాతయ్య కాలువ గట్టు వైపు చెయ్యి చూపించి ఊరుకున్నాడు. సింధనూరు, గంగావతి తాలూకాల్లో తెలుగువాళ్లు వేసుకున్న అలాంటి ఊళ్లనే ఇప్పటికీ క్యాంపులంటారు. నేను పుట్టింది ఒక క్యాంపులోనే.

హేస్‌కు వచ్చేటప్పుడు ఐ-70 హైవే మీద టొపీకా, సలైనా దాటేవరకు చెప్పుకోదగ్గదేమీ లేదు. విల్సన్ దాటాక మాత్రం పొలాల కంచెలకు కర్ర గుంజల బదులు రాతి గుంజలు కనిపించడం మొదలైంది, నేను పట్టుబట్టి పక్క రోడ్డులోకి తిప్పించి కారు ఆపించాను. నా భుజం ఎత్తున, జానెడు మందాన, తేనె రంగులో ఉన్న సున్నపురాతి స్తంభం అది. ఒక అంచు పొడవునా బొటనవేలు పట్టేంత అరగుంతలు వరసగా ఉన్నాయి. రాతికి వరసగా రంధ్రాలు వేసి, వాటిలో మేకులు దించి చీల్చినప్పుడు మిగిలే గుర్తులవి. చెట్టన్నది లేని ఈ మైదానంలో గుంజకు కర్ర దొరక్క, నేల కింద పలుచటి పొరగా ఉండే ఈ రాతిని తవ్వి తీసి, మైళ్ల కొద్దీ కంచె వేసుకున్నారు. ఇప్పటి నంద్యాల జిల్లాలో బేతంచెర్ల నాపరాళ్లను పెరటి చుట్టూ నిలువుగా పాతుకున్న ఇళ్లు చూసినవాళ్లకు ఇది కొత్తగా అనిపించదు. నేల ఏది ఇస్తే దానితోనే కంచె.

మర్నాడు పొద్దున్నే బయలుదేరాం. అందరూ హేస్ నుంచి ప్లెయిన్‌విల్, స్టాక్‌టన్ మీదుగా తారు రోడ్డున వెళతారు. మా అబ్బాయి ఫోనూ అదే దారి చూపించింది. నేను మాత్రం ఎల్లిస్ నుంచే వెళ్లాలన్నాను, ఎందుకంటే కెంటకీ జనం రైలు దిగింది ఎల్లిస్‌లో. హిక్‌మన్ బృందం అక్కడ దిగగానే పిల్లల్లో తట్టు అమ్మవారు సోకి, కొందరు పిల్లలు అక్కడే చనిపోయారు. వాళ్లను అక్కడే పూడ్చిపెట్టి, మిగిలినవాళ్లు ఉత్తరానికి కదిలారు. దారి లేదు, జింకలు నడిచిన జాడలు, అడవి దున్నలు పొర్లిన గుంటలే గుర్తులు, దిక్సూచి చూసుకుంటూ నడిచారు. రాత్రుళ్లు మగవాళ్లు మంటలు వేసి, జంతువులు రాకుండా తుపాకులు పేలుస్తూ కాపలా కూర్చున్నారు. ఎల్లిస్‌లో పట్టాల పక్కన కారు ఆపి ఐదు నిమిషాలు నిలబడ్డాం. పొడవాటి గూడ్సు బండి ఒకటి దాటిపోయింది. మా ఆవిడ తలమీద కొంగు కప్పుకుని ఆ పట్టాల వైపు చేతులు జోడించింది. ఎందుకని నేను అడగలేదు.

అక్కడి నుంచి ముప్పై మైళ్లకు పైగా మట్టి రోడ్డు, పైన సన్నటి గులకరాయి. ఆ గంటన్నర ప్రయాణమే నాకు ఈ యాత్ర మొత్తంలో మిగిలింది.

రోడ్డు బాణంలా ఉత్తరానికి వెళుతుంది. సరిగ్గా మైలుకొకసారి తూర్పు పడమరలుగా ఇంకో రోడ్డు దానిని కోస్తుంది. వాగు అడ్డం వస్తే తప్ప ఎక్కడా వంపు లేదు. మన ఊళ్లలో దారి మనుషులు నడిచి వేసింది. చింతచెట్టును చుట్టుకుని, చెరువు గట్టెక్కి, ఎవరో ఒకరి కళ్లం పక్కగా వెళుతుంది. ఇక్కడ మనిషి అడుగు పడకముందే దారి కాగితం మీద గీతగా ఉంది. అమెరికా ప్రభుత్వం 1785 నుంచి కొత్త భూములన్నిటినీ ఒకే పద్ధతిలో కొలిపించింది. ఆరు మైళ్ల పొడవు, ఆరు మైళ్ల వెడల్పు ఉన్న చదరాన్ని టౌన్‌షిప్ అన్నారు. దానిని మైలు చదరాలుగా 36 సెక్షన్లు చేశారు. ఒక్కో సెక్షన్ 640 ఎకరాలు. అందులో 16వ సెక్షన్, కాన్సాస్‌లో 36వది కూడా, బడుల ఖర్చుకు విడిచిపెట్టారు. 1862 నాటి హోంస్టెడ్ చట్టం కింద సెక్షన్‌లో నాలుగో వంతు, అంటే 160 ఎకరాలు, ఐదేళ్లు అక్కడే నివసించి సాగు చేసినవాడికి కొద్దిపాటి రుసుముతో సొంతమయ్యేది. కాన్సాస్‌కు కొలతల మొదలు ఉత్తరాన నెబ్రాస్కా సరిహద్దైన 40వ అక్షాంశం, తూర్పున విచిటా దగ్గరగా పోయే ఆరో ప్రధాన రేఖాంశం. వాటి నుంచి దక్షిణానికి ఎనిమిదో వరుసలో, పడమరకు 21వ వరుసలో ఉన్న చదరంలో నికోడెమస్ ఉంది. ఆ ఊరున్న గ్రాహమ్ కౌంటీ, మన జిల్లా లాంటిది, మొత్తం ముప్పై మైళ్ల చదరం. అడ్డంగా ఐదు, నిలువుగా ఐదు, మొత్తం పాతిక చదరాలు. మనుషులు లేకుండానే ఊరి పొలిమేరలు సిద్ధంగా ఉన్నాయన్నమాట.

ఒకచోట ఆ తిన్నటి రోడ్డు ఉన్నట్టుండి కుడికి తిరిగి, కొన్ని గజాలు వెళ్లి, మళ్లీ ఎడమకు తిరిగి ఉత్తరానికే సాగింది. వాగు లేదు, గుట్ట లేదు. దారి తప్పామేమోనని మా అబ్బాయి కారు ఆపాడు. భూమి గుండ్రంగా ఉంది కనుక ఉత్తరానికి గీసిన రెండు గీతలు పోనుపోను దగ్గరవుతాయనీ, చదరాల కొలత తగ్గకుండా సర్వేయర్లు కొంత దూరానికొకసారి గీతను జరిపి మళ్లీ మొదలుపెట్టారనీ, ఆ జరుపే ఈ వంకర అనీ నేను చెప్పాను. ఇంజనీరు చదివినవాడు కాబట్టి వాడికి అది వెంటనే పట్టింది. కారు దిగి, ఆ మూలన నిలబడి, వెనక్కీ ముందుకీ చూసి, ఫొటో తీసుకున్నాడు. అంతవరకు గది అద్దె గురించే మాట్లాడుతున్నవాడు అక్కడి నుంచి ప్రతి మైలు కూడలినీ లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.

సలైన్ నది లోయ దిగి ఎక్కాక, చుట్టూ కోసిన గోధుమ మళ్లు, కోతకు సిద్ధంగా ఉన్న మళ్లు, మధ్యమధ్య పశువుల బీడు. ఒక పొలంలో మూడు కోత మిషన్లు మెట్టు మెట్టుగా ఒకదాని వెనక ఒకటి నడుస్తున్నాయి. వాటి వెనక లేచే ఊక దుమ్ము ఎండలో బంగారంలా ఉంది. ఇళ్లు మాత్రం మైలుకొకటి కూడా లేవు. పాతబడి, కిటికీలు ఊడి, చుట్టూ రెండు చెట్లు మిగిలిన ఇళ్లే ఎక్కువ. మొత్తం కౌంటీలో ఇప్పుడున్నది రెండున్నర వేల మందికి లోపే. మా క్యాంపూ, దానిని ఆనుకుని ఉన్న మరో రెండు క్యాంపులూ కలిపితే అంతకన్నా ఎక్కువ మంది ఉంటారు.

ఇదంతా ఖాళీ నేల అని ఆనాటి కరపత్రాలు రాశాయి. అది నిజం కాదు. పానీలు, కాన్సాలు, ఒసేజ్‌లు, చెయెన్‌లు ఈ మైదానంలో వేటాడినవాళ్లే. వాళ్లను ఒక్కొక్క తెగగా దక్షిణానికి నెట్టేసి, లక్షలాది అడవి దున్నలను తోలు కోసం చంపేసిన తరవాతే ఇక్కడ చదరాలు గీసి పంచారు. 1877లో వచ్చినవాళ్లకు దున్నలు కనిపించలేదు, వాటి ఎముకలు మాత్రం గడ్డిలో తెల్లగా పడి ఉన్నాయి. ఆ ఎముకలను ఏరి బండ్లకెత్తి రైలు స్టేషన్లో అమ్ముకుని కొందరు మొదటి గింజలు కొనుక్కున్నారు.

సౌత్ సాలమన్ నది దాటి ఎక్కాక నికోడెమస్ వచ్చింది. హైవే 24 పక్కన చిన్న పార్కు, చరిత్ర చెప్పే పలక, కొన్ని చెట్లు, దూరదూరంగా ఇళ్లు, రెండు పాత చర్చీలు, ఒక బడి, ఒక హోటల్ భవనం, మధ్యలో టౌన్‌షిప్ హాల్. కొట్టు లేదు, టీ దొరికే చోటు లేదు. పార్కు బల్ల మీద కోడలు డబ్బాలో తెచ్చిన పులిహోర తిన్నాం. గాలి ఎంత గట్టిగా వీస్తోందంటే విస్తరిలా పరిచిన కాగితం నాలుగు మూలలా నీళ్ల సీసాలు పెట్టాల్సివచ్చింది.

టౌన్‌షిప్ హాల్ 1939లో, ఆర్థిక మాంద్యం నాటి ప్రభుత్వ ఉపాధి పథకం కింద, స్థానిక సున్నపురాతితో కట్టినది. నికోడెమస్ 1996లో జాతీయ చారిత్రక స్థలమయ్యాక అందులోనే సందర్శకుల కేంద్రం పెట్టారు. ప్రవేశానికి డబ్బు తీసుకోరు. ఈ ప్రయాణంలో ఉచితంగా దొరికింది ఇదొక్కటే. ఆ స్థలాన్ని చూసుకునే ప్రభుత్వ రేంజర్‌గా ఉన్న అమ్మాయి మమ్మల్ని కూర్చోబెట్టి మొదటి నుంచి చెప్పింది.

అమెరికా అంతర్యుద్ధం తరవాత బానిసత్వం పోయినా, దక్షిణాది పల్లెల్లో నల్లవాళ్లకు భూమి రాలేదు, భద్రత రాలేదు. ఆ పరిస్థితుల్లో 1877 ఏప్రిల్‌లో డబ్ల్యూ. హెచ్. స్మిత్ అనే నల్లజాతి మతబోధకుడూ, ఇండియానా నుంచి వచ్చిన డబ్ల్యూ. ఆర్. హిల్ అనే తెల్లజాతి భూవ్యాపారీ, మరి ఐదుగురూ కలిసి నికోడెమస్ టౌన్ కంపెనీ పెట్టారు. ఊళ్లో స్థలానికి 5 డాలర్లని కరపత్రాలు వేశారు. హిల్ కెంటకీలో చర్చి చర్చికీ తిరిగి ఇది సారవంతమైన నేల అని, వేటకు జంతువులున్నాయని, ఊరు లేస్తోందని చెప్పాడు. జూలైలో ముప్పై మంది వచ్చారు. సెప్టెంబరులో లెక్సింగ్టన్ ప్రాంతం నుంచి మూడు వందలకు పైగా వచ్చారు. వచ్చి చూస్తే ఇల్లు లేదు, చెట్టు లేదు, ఊరు లేదు. కోపంతో హిల్‌ను ఉరి తీస్తామని వెంటబడ్డారనీ, అతను దాక్కోవలసివచ్చిందనీ చెబుతారు. దాదాపు అరవై కుటుంబాలు వెంటనే వెనుదిరిగిపోయాయి. తిరిగి వెళ్లడానికి ఛార్జీలు లేనివాళ్లూ, వెళ్లకూడదని నిశ్చయించుకున్నవాళ్లూ మిగిలారు.

అప్పుడే పంట వేసే కాలం దాటిపోయింది. శీతాకాలం ముంచుకొస్తోంది. నది గట్లలోకి, గుట్ట వాలుల్లోకి తవ్వుకుని, పైన కొమ్మలు, గడ్డి, మట్టిపెళ్లలు కప్పుకుని అందులో కాపురం పెట్టారు. ఆ చలికాలం తిండి లేక అల్లాడుతుంటే, వేట నుంచి తిరిగివెళుతున్న ఒసేజ్‌లు తమ మాంసంలో భాగం ఇచ్చి ఆదుకున్నారని నికోడెమస్‌వాళ్లు తరతరాలుగా చెప్పుకుంటారు. తమను తరిమేసిన నేల మీదికి వచ్చినవాళ్లకు వాళ్లు అన్నం పెట్టారు. రేంజరమ్మాయి ఈ మాట చెప్పినప్పుడు నాకు మా క్యాంపు పక్క ఊరి కన్నడ రైతు ఒకాయన గుర్తొచ్చాడు. తాతయ్యకు భూమి అమ్మింది ఆయనే. మొదటి ఏడాది మా ఇంటికి జొన్నల బస్తా పంపిందీ ఆయనే. ఆ భూమికి కాలువ నీళ్లు పారాక ఏమి ధర పలికిందో ఆయన తన కళ్లతోనే చూశాడు.

మా ఆవిడకు ఇంగ్లీషు అంతంత మాత్రమే అయినా, రేంజరమ్మాయిని సూటిగా రెండు ప్రశ్నలు అడిగింది: నీళ్లెక్కడివి, పొయ్యిలోకి ఏం పెట్టేవాళ్లు? నీళ్లు మొదట నది నుంచి, తరవాత చేత్తో తవ్విన బావుల నుంచి. వంటచెరకు మాత్రం లేదు. ఎండిన పొద్దుతిరుగుడు కాడలూ, నదివారన దొరికే చిన్న కొమ్మలూ, గడ్డిలో ఎండిపోయిన దున్నపేడ, పశువుల పేడ ఏరి తెచ్చుకునేవాళ్లు. మా అబ్బాయి తెలుగులో చెప్పగానే మా ఆవిడ ముఖం విప్పారింది. "పిడకలేగా! అయితే బాగానే బతికారు" అంది. ఆ మాట వాడు మళ్లీ ఇంగ్లీషులోకి మార్చి చెప్పలేక, చేత్తో గోడకు పిడక కొట్టి చూపించాడు.

మేము మాట్లాడుతుండగా ఒక పెద్దావిడ లోపలికి వచ్చింది. డెబ్బై ఐదేళ్లకు పైనే ఉంటాయి. మొదటి కుటుంబాలలో ఒకదాని సంతతి, ఇప్పుడుండేది వేరే రాష్ట్రంలో. ఏటా జూలై చివరి వారాంతంలో జరిగే విముక్తి పండుగకు ముందే వచ్చి, ఇల్లు శుభ్రం చేయించుకుని, పెద్దల సమాధుల దగ్గర గడ్డి కోయించి వెళుతుందట. మేము ఎక్కడి నుంచి వచ్చామో విని, గుంత ఇల్లు చూస్తారా అని అడిగింది. చూడడానికి ఏమీ మిగల్లేదని ముందే చెప్పి, తన కారు వెనకే రమ్మంది.

అర మైలు అవతల బీటిలో, వాలు మీద, నడుం లోతు కూడా లేని పల్లం ఒకటి చూపించింది. గడ్డి నిండా మొలిచింది. తెలియనివాళ్లు వాన నీటికి కోసుకుపోయిన గుంట అనుకుంటారు. ఆవిడ చేతికర్ర మా కోడలికిచ్చి, అందులోకి దిగి, మడమకు బొటనవేలు తాకిస్తూ అడుగులు కొలిచింది. ఇటు పద్నాలుగు, అటు పన్నెండు. వాకిలి దక్షిణానికి, ఉత్తరపు గాలి తగలకుండా. పొయ్యి ఈ మూల. పైకప్పు మీద ఎంత గడ్డి కప్పినా వాన వెలిశాక రెండు రోజులు లోపల కారుతూనే ఉండేదట. పైన మేసే ఆవు ఒకటి కప్పులోంచి కాలు దిగబడి మంచం మీద పడబోయిందని వాళ్ల ముత్తవ్వ చెప్పేదట. ఆ పద్నాలుగడుగుల గుంటలో ఏడుగురు రెండు చలికాలాలు గడిపారు. పశువులు లేవు, నాగలి లేదు. పారలతో, గడ్డపారలతో ఆ గట్టి పచ్చికనేల తిరగేసి మొదటి విత్తనం వేశారు. మగవాళ్లు పని కోసం రైలు పట్టాల వెంట కొలరాడో వైపు నడిచి వెళితే, నెలల తరబడి ఇంటినీ పొలాన్నీ ఆడవాళ్లే చూసుకున్నారు. ఆవిడ చెబుతున్నంతసేపూ ఆ పల్లం మధ్యలోనే నిలబడింది. ఎక్కడానికి మా అబ్బాయి చెయ్యి అందిస్తే పట్టుకుంది.

అక్కడి నుంచి ఊరు లేచిన తీరు నాకు చాలా గొప్పగా అనిపించింది. స్మిత్ కూతురు జెన్నీ ఫ్లెచర్ మట్టిగోడల మధ్యనే బడి మొదలుపెట్టింది. ఈ కౌంటీలో ఒకటో నంబరు బడి జిల్లా నికోడెమస్‌దే. ఆమె భర్త జకరీ ఫ్లెచర్ తపాలా కచేరీ, హోటలు నడిపాడు. 1880లో గ్రాహమ్ కౌంటీ పాలన ఏర్పడినప్పుడు గవర్నర్ సెయింట్ జాన్ తాత్కాలిక కౌంటీ గుమాస్తాగా నియమించింది ఎడ్వర్డ్ మెకేబ్‌ను, అంటే 1878లో నికోడెమస్‌కు వచ్చిన నల్లజాతి యువకుణ్ణి. అతను 1882లో కాన్సాస్ రాష్ట్ర ఆడిటర్‌గా ఎన్నికై రెండు దఫాలు పనిచేశాడు. నిన్న మొన్నటి వరకు ఆస్తి పట్టీల్లో పశువులతో పాటు రాయించుకున్న జాతి మనిషి, ఐదేళ్లు తిరగకుండా రాష్ట్రం లెక్కలు చూశాడు. 1887 నాటికి ఊళ్లో రెండు పత్రికలు, బ్యాంకు, దుకాణాలు, చర్చీలు, బేస్‌బాల్ జట్టు ఉన్నాయి.

కౌంటీలో టౌన్‌షిప్‌ల పేర్ల పటం ఒకటి హాల్లో చూశాను. హ్యాపీ, పయనీర్, వైల్డ్‌హార్స్, గెటిస్‌బర్గ్, ఇండియానా, అలోడియం. ఎవరి ఆశ వాళ్లు, ఎవరి జ్ఞాపకం వాళ్లు పేరుగా పెట్టుకున్నారు. అలోడియం అంటే ఏ దొరకూ శిస్తు, సేవ బాకీ లేని సొంత భూమి అని న్యాయశాస్త్రపు మాట. ఆ పేరు పెట్టినవారి మనసులో ఏముందో ఊహించడం కష్టం కాదు. క్యాంపుల పేర్లూ అంతే. వదిలి వచ్చిన ఊరి పేరో, స్థలమిచ్చిన పెద్దమనిషి పేరో, దేవుడి పేరో పెట్టి, వెనక క్యాంపు అని తగిలించారు.

ఊరు దెబ్బతిన్నది రైలు దగ్గర. రైలు వస్తుందని 1887లో టౌన్‌షిప్ జనం 16,000 డాలర్ల బాండ్లకు, అంటే రైలు కంపెనీ కోసం ఊరు చేసే అప్పుకు, ఓటు వేశారు. అంతకు పదేళ్ల ముందు విత్తనాలు కొనుక్కోలేని జనం వేసిన ఓటు అది. అయినా మిస్సోరి పసిఫిక్ రైలు రాలేదు. 1888లో యూనియన్ పసిఫిక్ అనే ఇంకో రైలు కంపెనీ నదికి అవతల గట్టున, నైరుతిగా కొన్ని మైళ్ల దూరంలో పట్టాలు వేసింది. అక్కడ బోగ్ అనే ఊరు లేచింది. నికోడెమస్ దుకాణదారులు కొందరు తమ చెక్క భవనాలనే బండ్ల మీదికెత్తి అక్కడికి లాక్కెళ్లారు. హిల్ తన పేరు మీద పెట్టుకున్న హిల్ సిటీ అదే ఏడాది కౌంటీ కేంద్రమైంది. ఆ తరవాత 1930ల కరవు, దుమ్ము తుపానులు వచ్చిపడ్డాయి. తపాలా కచేరీ 1953లో మూతపడింది.

ఆ 1953లోనే తుంగభద్ర ఆనకట్ట పూర్తయింది. ఈ సంగతి హాల్లో బోర్డు మీద ఆ ఏడాది చూసినప్పుడు నా మనసులో మెదిలి, తరవాత నన్ను వదల్లేదు. మా తాతయ్యకు కాలువ వచ్చింది. కాలువ ఇంకో ఆరు మైళ్లు అవతల నుంచి పోయి ఉంటే మా క్యాంపు ఈపాటికి ఏ తుమ్మతోపో అయ్యుండేది, నేను ఇంకెక్కడో పుట్టేవాణ్ణి. మావాళ్ల కష్టం తక్కువని నేను అనను. మలేరియాతో మా చిన్నతాతయ్య పోయిందీ, నల్లరేగడిలో బండి ఇరుసు దాకా దిగబడిందీ వినే పెరిగాను. అయినా మావాళ్ల చేతిలో రెండెకరాలు అమ్మిన డబ్బుంది, వెనక్కి వెళితే తలదాచుకునే చుట్టాలున్నారు, ఏ ఊళ్లోనైనా కుర్చీ వేసి కూర్చోబెట్టే కులముంది. కెంటకీ నుంచి వచ్చినవాళ్లకు ఇవేవీ లేవు. ఈ తేడా చెప్పకుండా ఆ రెండు ప్రయాణాలనూ పక్కపక్కన పెట్టడం తప్పు. ఆ పెద్దావిడతో మా క్యాంపు గురించి మాట్లాడినప్పుడు కూడా ముందు ఇదే చెప్పాను. ఆవిడ విని, "కానీ మీ నాయనమ్మ కూడా ఏడ్చింది కదా?" అని అడిగింది. ఏడ్చిందో లేదో నాకు తెలియదని చెప్పాను. కనుక్కోమంది.

తిరుగు దారిలో బోగ్ చూశాం, హిల్ సిటీలో పెట్రోలు పోయించుకున్నాం, వాకీనీ దగ్గర ఐ-70 ఎక్కి హేస్ చేరేసరికి పొద్దు వాలింది. మనకక్కడ తెల్లవారే వేళ. మా మేనత్తకు ఫోన్ చేశాను. ఎడ్లబండి మీద వచ్చినప్పుడు ఆమెకు తొమ్మిదేళ్లు. చూసినదంతా చెప్పి, ఆ మొదటి రాత్రి మామ్మ ఏం చేసిందని అడిగాను.

"ఏం చేస్తుందిరా, వంట చేసింది" అంది అత్తయ్య. "ఏడవడానికి తీరికెక్కడ? చీకటి పడుతోంది, పిల్లలం ఆకలో అని ఒకటే గోల. పొయ్యి పెడదామంటే ఆ రేగట్లో రాయి దొరికితేనా? మైలు దూరం వెతికినా గులకరాయి లేదు. అప్పుడు మీ తాతయ్య పారతో గాడి తవ్వాడు. అందులో తుమ్మకంప వేసి, పైన గిన్నె పెట్టి అన్నం వండింది. మీ చిన్నతాతయ్య ఎడ్లకు నీళ్ల కోసం వెళ్లి, తిరిగొచ్చేటప్పుడు దారి తప్పాడు. మనిషి కనిపించడం లేదు, గుడిసె లేదు, ఏం చూసి వస్తాడు? నేలలోంచి పొగ లేస్తుంటే అది చూసుకుని వచ్చానన్నాడు."

నేను కాసేపు ఏమీ అనలేకపోయాను. లైను తెగిందనుకుని అత్తయ్య రెండుసార్లు నా పేరు పెట్టి పిలిచింది. ఉన్నానత్తయ్యా అన్నాక, అక్కడ కాలువ లేదన్నావుగా, మరి ఆ గోధుమకు నీళ్లెక్కడివని అడిగింది.